కొలతకు నిలిచిన పరుగులు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పొద్దుగాలే లేచి గ్రౌండుకు పోయే పిల్లలకు ఎనిమిది వందల మీటర్ల పరుగంటే ఏమిటో ఒకరు చెప్పే పనిలేదు. పోలీసు కొలువుకు తయారయ్యే ఆడపిల్ల ఆ దూరాన్ని 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. మగపిల్లవాడైతే 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. 2022 నోటిఫికేషన్‌తో వచ్చిన ఈ లెక్క కోసం మన దగ్గర ఎందరు పిల్లలు చెమటోడ్చారో మీకు తెలుసు. ఆఖరి వంద మీటర్లలో కాళ్లు బరువెక్కుతాయి, ఊపిరి అందదు, గడియారం మాత్రం ఆగదు. ఆ బాధ తెలిసినవాళ్లు ఇప్పుడు ఈ మాటలు వింటున్నారు.

మీకు అగసర నందిని గురించి చెప్పాలి. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న అమ్మాయి. తండ్రి చాయ్ అమ్మి ఇల్లు నడిపిన మనిషి. ఈ నందిని అదే ఎనిమిది వందల మీటర్లను రెండుంబావు నిమిషాల దరిదాపుల్లో పరుగెత్తుతుంది. అదైనా హాయిగా నిద్రలేచి వచ్చి కాదు. రెండు రోజుల పాటు ఆరు పోటీలు ఆడి, ఒంట్లో సత్తువంతా ఖర్చయిపోయాక, ఏడో పోటీగా ఆ పరుగు మొదలుపెడుతుంది. హెప్టాథ్లాన్ అనే ఆట అలా ఉంటుంది.

ఈ నందిని, ఆమెతో పాటు మరికొందరు తెలుగు అమ్మాయిలు 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమి నగరంలో చేసిన పని గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. గుమిలో మే 27 నుంచి 31 వరకు 26వ ఆసియా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్ జరిగాయి. 1973లో మనీలాలో మొదలైన పోటీలివి. మన ఖండంలోని మేటి పరుగువీరులు, దూకేవాళ్లు, విసిరేవాళ్లు అందరూ అక్కడికి వస్తారు. ఈసారి భారత జట్టు 8 స్వర్ణాలు, 10 రజతాలు, 6 కాంస్యాలు, మొత్తం 24 పతకాలతో చైనా తర్వాత రెండో స్థానంలో నిలిచింది. ఆ ఎనిమిది స్వర్ణాల్లో మూడింటి వెనుక తెలుగు అమ్మాయిల కాళ్ల బలం ఉంది. నూరు మీటర్ల హర్డిల్స్‌లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి గెలిచింది. హెప్టాథ్లాన్‌లో నందిని గెలిచింది. నాలుగు నాలుగొందల మీటర్ల రిలేలో గెలిచిన జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా కూనవరం మండలం నుంచి వచ్చిన గిరిజన బిడ్డ కుంజా రజిత ఉంది. ఇక నలుగురూ తలా నూరు మీటర్లు ఉరికే రిలేలో 43.86 సెకన్లతో రజతం తెచ్చిన నలుగురిలో మన తెలంగాణ అమ్మాయి నిత్య గంధే ఒకరు.

పతకాల వార్త మీరు అప్పుడే విని ఉంటారు. వార్త రెండు రోజులుంటుంది, పోతుంది. ఆ పతకం వెనుక ఉన్న అంకెను చదవడం నేర్చుకుంటే, ఆ అమ్మాయి చేసిన పని ఎంత పెద్దదో తెలుస్తుంది. మన ఊరి పిల్లల్లో అలాంటివాళ్లు ఉన్నారేమో వెతకడం కూడా తెలుస్తుంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. అథ్లెటిక్స్‌లో ప్రతిభకు రుజువు కొలత. సరిగా కొలిచినప్పుడే పరుగు లోకానికి తెలుస్తుంది. కొలిచేవాళ్లు లేకపోతే ఎంత గొప్ప పరుగైనా ఆ గ్రౌండులోనే ఉండిపోతుంది.

ముందుగా జ్యోతి సంగతి చూద్దాం.

మహిళల నూరు మీటర్ల హర్డిల్స్‌లో దారికి అడ్డంగా పది హర్డిల్స్ ఉంటాయి. ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. గీత నుంచి మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరం. తర్వాత హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆఖరి హర్డిల్ దాటాక పదిన్నర మీటర్లు ఉరికితే ముగింపు గీత వస్తుంది. ఆ ఎనిమిదిన్నర మీటర్లలో సరిగ్గా మూడడుగులు వేయాలి. ఒక అడుగు పొట్టిదైతే తర్వాతి హర్డిల్ దూరమవుతుంది, పొడుగైతే మీదికొస్తుంది. ఆ తప్పును సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. పదిసార్లు పైకి లేవాలి, పదిసార్లు దిగాలి, వేగం మాత్రం తగ్గకూడదు.

మన దేశంలో ఈ పోటీకి 2002లో అనురాధా బిస్వాల్ పెట్టిన 13.38 సెకన్ల రికార్డు ఇరవై ఏళ్లు చెక్కుచెదరలేదు. నిజానికి జ్యోతి 2020 జనవరిలోనే దాన్ని దాటేసింది. మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో 13.03 సెకన్లలో పరుగెత్తింది. కానీ అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య తరఫున సాంకేతిక ప్రతినిధి లేరు. అందుకని ఆ పరుగు రికార్డు కాలేదు. రెండేళ్లు గడిచాయి. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09 సెకన్లలో ముగించింది. ఈసారి అన్నీ ఉన్నాయి. కానీ వెనుక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. నియమం ప్రకారం 2 మీటర్లు దాటకూడదు. ఒక మీటరులో పదో వంతు గాలి ఎక్కువైనందుకు ఆ పరుగు కూడా లెక్కలోకి రాలేదు.

ఎవరికైనా గుండె పగిలే విషయమే కదా. రెండుసార్లు రికార్డు చేతిదాకా వచ్చి జారిపోయింది. అయినా ఆమె మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లలో పరుగెత్తి, ఎవరూ వేలెత్తి చూపలేని రికార్డు పెట్టింది. అదే నెలలో ఇంగ్లండ్‌లో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04. అక్టోబరులో బెంగళూరులో 12.82. ఈ పోటీలో నియమాలకు లోబడి 13 సెకన్లలోపు పరుగెత్తిన మొదటి భారతీయ మహిళ మన జ్యోతి. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో 12.78 సెకన్లు నమోదు చేసి కాంస్యం తెచ్చింది.

ఆ 12.78 కథ కూడా వినండి. ప్యారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత పొందాలంటే 12.77 సెకన్లు కావాలి. జ్యోతి 2024లో ఫిన్లాండ్‌లో మళ్లీ 12.78 పరుగెత్తింది. సెకనులో నూరో వంతు తేడా. అది రెప్పపాటులో పదో వంతు కూడా ఉండదు. చివరికి ప్రపంచ ర్యాంకుల ఆధారంగా ప్యారిస్ వెళ్లింది. ఒలింపిక్స్‌లో ఈ పోటీలో పాల్గొన్న మొదటి భారతీయురాలిగా నిలిచింది.

అన్నిటికంటే పెద్ద పరీక్ష 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వచ్చింది. తుపాకీ పేలకముందే పక్క లేన్‌లోని చైనా అమ్మాయి వూ యన్ని కదిలింది. ఆ కదలిక చూసి జ్యోతి కూడా కదిలింది. అధికారులు మొదట ఇద్దరినీ తప్పించారు. వూ యన్ని సొంత దేశపు ప్రేక్షకులతో నిండిన స్టేడియం అది. జ్యోతి తలవంచుకుని బయటికి నడవలేదు. ముందు కదిలింది తాను కాదని అక్కడే నిలబడి చెప్పింది. రీప్లే చూడమంది. చర్చ తర్వాత ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. అంత గందరగోళం మధ్య మనసు కుదుట పెట్టుకుని 12.91 సెకన్లలో ముగించి మూడో స్థానంలో నిలిచింది. తర్వాత అధికారులు వూ యన్నిని అనర్హురాలిగా తేల్చడంతో జ్యోతికి రజతం దక్కింది. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు ఈ సంగతి తమ బిడ్డలకు తప్పకుండా చెప్పాలి. తన వైపు నిజం ఉన్నప్పుడు, పరదేశంలో, ఇంత పెద్ద స్టేడియంలో, ఒక్కతే నిలబడి మాట్లాడిన అమ్మాయి ఆమె.

గుమికి వచ్చేసరికి అదే వూ యన్ని, జపాన్ అమ్మాయి యుమి తనాకా మళ్లీ ఎదురయ్యారు. మే 29న వాన మధ్య జరిగిన ఆ ఫైనల్లో జ్యోతి 12.96 సెకన్లలో ముగించింది. తనాకాకు, వూ యన్నికి 13.07 సెకన్లు పట్టింది. ఆ తేడాను దూరంలోకి మారిస్తే గజానికి కాస్త తక్కువ. నూరు మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో గజం దూరం అంటే చాలా పెద్ద గెలుపు. అంతేకాదు, 1998లో కజకిస్తాన్‌కు చెందిన ఓల్గా షిషిగినా, 2011లో చైనాకు చెందిన సున్ యావే పేరిట ఉన్న 13.04 సెకన్ల పోటీ రికార్డు కూడా ఆ రోజుతో పోయింది. 2023 బ్యాంకాక్‌లో గెలిచిన ఆసియా టైటిల్‌ను జ్యోతి నిలబెట్టుకుంది.

ఆ తర్వాత కొద్ది వారాలకే శిక్షణలో ఆమె మోకాలికి గాయమైంది. శస్త్రచికిత్స జరిగింది. టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్స్‌కు వెళ్లలేకపోయింది. పరుగువీరుల జీవితంలో ఇది కూడా ఒక భాగం. గెలిచిన రోజు చప్పట్లు కొట్టినవాళ్లం గాయపడిన రోజు కూడా వాళ్ల పేరు తలుచుకోవాలి.

ఇప్పుడు నందిని దగ్గరికి వద్దాం. హెప్టాథ్లాన్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన బడుల్లో ఈ ఆట తెలిసినవాళ్లు తక్కువ.

మొదటి రోజు నూరు మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, రెండు వందల మీటర్ల పరుగు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, ఆఖరుకు ఎనిమిది వందల మీటర్లు. ప్రతి పోటీలో వచ్చిన సమయాన్ని, ఎత్తును, దూరాన్ని ఒక పట్టిక ప్రకారం పాయింట్లుగా మారుస్తారు. అన్నీ కలిపి ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు విజేత. ఇందులో ఒక్క పోటీలో మొనగత్తె అయితే చాలదు. ఉరికే కాలు కావాలి, ఎగిరే నడుము కావాలి, నాలుగు కిలోల గుండును నెట్టే భుజం కావాలి, ఆరు వందల గ్రాముల ఈటెను విసిరే చేయి కావాలి. వీటన్నిటికీ మించి రెండు రోజులు నిలకడగా ఉండే మనసు కావాలి.

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నందినికి 5,712 పాయింట్లు వచ్చాయి. నాలుగో స్థానంలో నిలిచిన మన దేశపు స్వప్నా బర్మన్‌కు 5,708. ఆమె అంతకు ముందు ఆసియా క్రీడల విజేత. కాంస్యానికీ, ఏమీ లేకపోవడానికీ మధ్య నాలుగు పాయింట్లు. నాలుగు పాయింట్లంటే ఎంత? పట్టిక తీసి లెక్కేస్తే షాట్‌పుట్‌లో ఆరు సెంటీమీటర్లు. జావెలిన్‌లో దాదాపు జానెడు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో సెకనులో మూడో వంతు కూడా లేదు. రెండు రోజులు, ఏడు పోటీలు, చివరికి జానెడు తేడా. ఏ ఒక్క పోటీలోనైనా "ఇక చాలు" అనుకుని ఒక క్షణం వదిలేసి ఉంటే ఆ పతకం వచ్చేది కాదు.

అక్కడి నుంచి రెండేళ్లు కాకముందే గుమిలో నందిని 5,941 పాయింట్లు సాధించింది. హాంగ్‌ఝౌ కంటే 229 ఎక్కువ. ఆసియా చాంపియన్‌షిప్స్ హెప్టాథ్లాన్‌లో స్వర్ణం గెలిచిన భారతీయ మహిళల్లో ఆమె మూడో వ్యక్తి. 2005లో సోమా బిస్వాస్, 2017లో స్వప్నా బర్మన్, 2025లో మన గురుకులం బిడ్డ. ఆ పెరిగిన 229 పాయింట్లు ఒక్క చోట వచ్చి పడినవి కావు. వేర్వేరు పోటీల్లో కొంచెం కొంచెం కూడబెట్టుకోవాలి. పదో తరగతి పిల్లలు అన్ని సబ్జెక్టులూ చదవాల్సినట్టే, ఈ అమ్మాయి అన్ని విద్యలూ సాధన చేస్తేనే ఆ మొత్తం వస్తుంది.

రిలే సంగతి క్లుప్తంగా చెబుతాను. నాలుగు నాలుగొందల మీటర్ల రిలేలో జిస్నా మాథ్యూ, రూపల్ చౌదరి, కుంజా రజిత, శుభా వెంకటేశన్ 3 నిమిషాల 34.18 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచారు. కేరళ, ఉత్తరప్రదేశ్, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు. నాలుగు రాష్ట్రాల ఆడపిల్లలు ఒకే కర్రను చేతులు మార్చుకుంటూ తెచ్చారు. గోదావరి, శబరి నదుల ప్రాంతంలోని గిరిజన పల్లె నుంచి కొరియా దాకా వెళ్లిన రజితను తలుచుకుంటే, దారి లేని ఊరంటూ లేదని ధైర్యం వస్తుంది. దారి చూపేవాళ్లు ఉండాలి, అంతే.

గుమి జాబితాలో లేకపోయినా ఒక పేరు చెప్పకుండా ఈ ప్రసంగం ముందుకు పోదు. ఆ పేరు దీప్తి జీవాంజి. మన తెలంగాణలోనే ఉన్న వరంగల్ జిల్లా, పర్వతగిరి మండలం, కల్లెడ గ్రామం. పుట్టుకతోనే మేధోపరమైన ఇబ్బంది ఉన్న బిడ్డ. ఊళ్లో కొందరు ఆ బిడ్డను, ఆ తల్లిదండ్రులను అనరాని మాటలన్నారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు మాత్రం ఆ పిల్ల ఉరుకుతుంటే కాళ్లను చూశాడు. తర్వాత ద్రోణాచార్య పురస్కారం పొందిన కోచ్ నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాదుకు రప్పించి శిక్షణ ఇచ్చారు. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో, మేధోపరమైన ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం పెట్టిన టీ20 విభాగం నాలుగు వందల మీటర్లను దీప్తి 55.07 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటిదాకా ప్రపంచ రికార్డు అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12. తేడా సెకనులో ఐదు నూరో వంతులు. ఆ వేగంలో అది మూరెడు దూరం కూడా కాదు. ఆ మూరెడు లోపు దూరం కల్లెడ బిడ్డను ప్రపంచ రికార్డుదారును చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో ప్యారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం, ఆ తర్వాత అర్జున పురస్కారం.

నెమ్మదిగా నేర్చుకునే బిడ్డ, మాట తడబడే బిడ్డ, తోటి పిల్లల్లో కలవని బిడ్డ మీ ఇంట్లో ఉంటే, దయచేసి వాళ్లను ఆటల గంటలో ఒక మూల కూర్చోబెట్టకండి. మేధోపరమైన ఇబ్బంది ఉన్న బిడ్డల కోసమైతే టీ20 అనే విభాగమే ఉంది. వాళ్లకూ ఒక లేన్ ఉంది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి మాట్లాడుకుందాం.

జ్యోతిని విశాఖలో, దీప్తిని కల్లెడలో మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయులు, అంటే పీఈటీలు. నందినికి గురుకులం ఆసరా అయింది. జ్యోతి 2016లో హైదరాబాదుకు వచ్చి శిక్షణ పొందింది కూడా నాగపురి రమేశ్ దగ్గరే. అంటే వీళ్ల దారి మొదలైంది విదేశీ కోచ్ దగ్గరా కాదు, పెద్ద స్టేడియంలోనూ కాదు. బడి గ్రౌండులో, ఒక సారు కంట్లో పడటంతో మొదలైంది. ఆ తర్వాత హాస్టలు, కోచ్, పోటీలు మెట్టు మెట్టుగా వచ్చాయి.

మరి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో అలాంటి పిల్లలు లేరా? ఉన్నారు. బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు ఉన్నారు, తండ్రి దుబాయిలో ఉంటే ఇంటి పని, చదువు రెండూ మోసే బిడ్డలు ఉన్నారు, సాంచాల చప్పుడులో పెరిగిన బిడ్డలు ఉన్నారు. కష్టం వాళ్లకు కొత్త కాదు. పొరుగున నిజామాబాద్ నుంచి బాక్సింగ్‌లో రెండుసార్లు ప్రపంచ విజేత అయిన నిఖత్ జరీన్ కూడా మొదట పరుగు పోటీలతోనే ఆటల్లోకి వచ్చింది. ఈ మట్టిలో సత్తువ ఉంది. ఆ సత్తువను కొలిచి రాసిపెట్టే అలవాటు మనకు కావాలి.

సిరిసిల్ల నేతన్నకు కొలత విలువ చెప్పే పనిలేదు. సాంచా మీద ఒక్క పోగు తెగితే బట్ట మీద పడే సన్నని గీత మనలాంటివాళ్లకు కనబడదు, అతని కంటికి ఇట్టే కనబడుతుంది. ఏళ్ల తరబడి చూసి చూసి అలవాటైన కన్ను అది. పిల్లల పరుగును చూసే కన్ను కూడా మనకు అలాగే అలవడాలి. ఫలానా పిల్ల బాగా ఉరుకుతుందని అనుకుంటే సరిపోదు. వంద మీటర్లు ఎంతలో ఉరికింది? నిరుడు ఎంత? ఈ ఏడు ఎంత? ఈ మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండాలి.

ఇందుకు కోట్ల రూపాయల సింథటిక్ ట్రాక్ కోసం ఎదురుచూడక్కర్లేదు. అది వస్తే మంచిదే, అడుగుదాం, సాధించుకుందాం. ఈలోగా బడికి కావలసింది ఒక పొడవాటి టేపు, రెండు స్టాప్‌వాచులు, సున్నం, ఒక రిజిస్టరు. చదును చేసిన నేల మీద సున్నంతో గీతలు గీసి, టేపుతో కచ్చితంగా కొలిచి వంద మీటర్ల దారి వేసుకోవచ్చు. ఏడాదికి రెండుసార్లు, బడులు తెరిచిన కొత్తలో ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, ప్రతి పిల్లనూ ప్రతి పిల్లవాడినీ పరుగెత్తించి రాసుకోవాలి. ఆటల్లో ముందున్నవాళ్లను మాత్రమే కాదు, వెనుక వరుసలో నిలబడే పిల్లను కూడా.

పీఈటీ సార్లకు, మేడమ్‌లకు ఒక సూచన. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్ పిల్లలకు కాస్త అనుకూలంగానే సమయం చూపిస్తుంది. తుపాకీ మోగినప్పుడు మన బొటనవేలు కొంచెం ఆలస్యంగా కదులుతుంది కాబట్టి. అందుకే పొట్టి పరుగుల్లో చేతి సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చేటప్పుడు 0.24 సెకన్లు కలుపుతారు. ఈ ఒక్క సంగతి పిల్లలకు ముందే చెబితే, పెద్ద పోటీకి వెళ్లి తన సమయం పెరిగిందని చూసి ఏ పిల్లా బెంబేలెత్తదు. అలాగే గాలి గురించి చెప్పండి. తుపాకీ కంటే ముందు కదలడం గురించి చెప్పండి. నియమం తెలిసిన పిల్ల, హాంగ్‌ఝౌలో జ్యోతి నిలబడినట్టు, తన పక్షాన తాను మాట్లాడగలదు.

కొలిచే అలవాటు ఎంపికల్లోనూ పనికొస్తుంది. 1993లో మొదలైన హకీంపేట క్రీడా పాఠశాలలో పిల్లలను నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎంపికలో ఎత్తు, బరువు చూస్తారు. ముప్పై మీటర్ల పరుగు, నిలబడిన చోటు నుంచి ముందుకు దూకడం, పైకి ఎగరడం, అటూ ఇటూ తిరిగే షటిల్ పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, ఎనిమిది వందల మీటర్ల పరుగు లాంటి పరీక్షలు పెడతారు. ఇవన్నీ మన బడి ఆవరణలో కూడా పెట్టగలిగినవే. మూడో తరగతి నుంచే పిల్లలకు ఇవి అలవాటు చేస్తే, ఎంపిక రోజున అదేదో కొత్త లోకంలా అనిపించదు.

ఇంకో విషయం. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుగా ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ మూడు పట్టణాల పిల్లలూ ఉమ్మడి కరీంనగర్ జిల్లా జట్టులో చోటు కోసం పోటీపడేవాళ్లు. జిల్లా పేరు మీద జరిగే పోటీలకు ఇప్పుడు రెండు తలుపులు తెరుచుకున్నాయి. పాఠశాలల ఎస్‌జీఎఫ్ ఆటల్లో, జూనియర్ అథ్లెట్ల కోసం దేశమంతటా జిల్లాల వారీగా పిలిచే పోటీల్లో మన జిల్లా పేరు కనబడాలి. హర్డిల్స్‌కు, హెప్టాథ్లాన్‌కు, రిలేకు పిల్లలను తయారు చేద్దాం. అందరూ వంద మీటర్ల వెంటే పడితే, దూకే బిడ్డ, విసిరే బిడ్డ మరుగున పడిపోతారు.

తల్లిదండ్రులకు చివరగా ఒక మనవి. పదో తరగతి కాగానే ఆడపిల్ల గ్రౌండుకు వెళ్లడం ఆగిపోవడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. జ్యోతికి ఆసియా స్వర్ణం రెండోసారి వచ్చేసరికి ఇరవై ఐదేళ్లు. నందినికి ఇరవై ఒకటి. దీప్తి ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు ఇరవై. పదహారేళ్లకే వీళ్లను ఆపేసి ఉంటే మనకు ఈ అంకెలేవీ ఉండేవి కావు. దుబాయిలో, మస్కట్‌లో ఉండి ఫోన్‌లో ఇంటి నిర్ణయాలు తీసుకునే తండ్రులకు కూడా ఇదే చెబుతున్నాను. బిడ్డ గ్రౌండుకు పోతానంటే మీరు అక్కడి నుంచి చెప్పే ఒక్క "పో బిడ్డా" అనే మాట, ఇక్కడ ఎవరేమన్నా ఆమెకు అండగా నిలుస్తుంది. ఆమెకు మంచి బూట్లు, గుడ్డు, పాలు, గ్రౌండు నుంచి ఇంటిదాకా భయం లేని దారి, ఇవి మనం ఇవ్వగలిగినవే.

గుమిలో మన అమ్మాయిలు సాధించినది వాళ్ల సొంతం. దాన్ని చూసి గర్వపడే హక్కు మనకు రావాలంటే మన వంతు పని చేయాలి. రేపు మీ ఊరి బడికి వెళ్లండి. పిల్లల పరుగు సమయాలు రాసే రిజిస్టరు ఉందా అని పీఈటీ సారును అడగండి. ఉంటే మీ బిడ్డ పేరు ఎదురుగా ఏం రాసి ఉందో చదవండి. లేకపోతే ఒక రిజిస్టరు, ఒక స్టాప్‌వాచ్ మీరే కొని ఇవ్వండి. ఈ ఏడే మొదలుపెట్టండి.